ఆర్‌సీసీబీని ట్రిప్ చేస్తున్న ఓవెన్ ఎలిమెంట్: ఆరబెట్టి వాడవచ్చా, మార్చి తీరాలా?

ప్రశ్న అడిగినవారు:
చాలా నెలలు పక్కన పెట్టిన ఎలక్ట్రిక్ ఓవెన్‌ను మళ్లీ వాడుతున్నాం. ఆన్ చేసిన కొద్ది నిమిషాలకే ఇల్లంతా కరెంటు పోతోంది. పడిపోతున్నది కరెంటు మితిమీరితే తెంచే ఎంసీబీ కాదు, కరెంటు ఎర్త్‌కు లీకైతే తెంచే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఓవెన్‌ను వేడి చేసే ఎలిమెంట్‌కు తేమ పట్టిందని, ఆరబెడితే సరిపోతుందని ఒకరు, మార్చక తప్పదని మరొకరు చెబుతున్నారు. ఎవరి మాట వినాలి?

మొదటి సభ్యుడు:
ముందు ఆరబెట్టి చూడండి. ఎలిమెంట్‌లో వేడెక్కే నైక్రోమ్ తీగకూ బయటి లోహపు గొట్టానికీ మధ్య కూరిన మెగ్నీషియం ఆక్సైడ్ పొడి, పొడిగా ఉన్నంతకాలం కరెంటును చక్కగా ఆపుతుంది గానీ, వాడకుండా వదిలేస్తే కొసల దగ్గరి సీళ్ల గుండా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమ పోతే లీకేజీ కూడా పోతుంది. బాగున్న ఎలిమెంట్‌ను పారేయడం దండగ.

రెండో సభ్యుడు:
నేను ఒప్పుకోను. ఈసారి తేమను రానిచ్చిన సీలు వచ్చేసారి కూడా రానిస్తుంది. పైగా, ఆరబెట్టే పేరుతో కొందరు ఆర్‌సీసీబీని తప్పించి ఓవెన్‌ను నడుపుతారు. ఆ సమయంలో ఎర్త్ వైరు ఊడి ఉంటే ఓవెన్ బాడీకే కరెంటు వస్తుంది, దాన్ని ముట్టుకున్నవారిని కాపాడేది ఏదీ ఉండదు.

మూడో సభ్యుడు:
ఆర్‌సీసీబీని తప్పించకూడదన్న మాటకు తిరుగు లేదు. మిగతా విషయంలో మాత్రం మీరిద్దరూ కొలవకుండానే తీర్పు చెబుతున్నారు. లీకేజీ ఫ్యాన్ మోటారులో ఉండవచ్చు, రేకు అంచుకు ఒరుసుకుని తొడుగు పోయిన వైరులోనూ ఉండవచ్చు. ప్లగ్ తీసి, ఒక్కో ఎలిమెంట్‌కు రెండు కొసల వైర్లూ విప్పి, కొసకూ గొట్టానికీ మధ్య 500 వోల్టుల మెగ్గర్‌తో (ఎక్కువ వోల్టేజీ పెట్టి కొలిచే మీటరు) ఇన్సులేషన్ రెసిస్టెన్స్, అంటే కరెంటు లీకవకుండా ఎంత గట్టిగా ఆపుతోందో చూడాలి. మల్టీమీటర్ కొద్ది వోల్టులతోనే కొలుస్తుంది కాబట్టి, అందులో బాగుందని కనిపించిన ఎలిమెంట్ 230 వోల్టుల దగ్గర లీక్ కావచ్చు. ఒక మెగా ఓమ్‌కు పైన ఉంటే ఆ ఎలిమెంట్‌ను అనుమానించనక్కర్లేదు. థర్మోస్టాట్ ఫేజ్‌ను మాత్రమే తెంచే ఓవెన్లలో న్యూట్రల్ ఎప్పుడూ కలిసే ఉంటుంది కనుక, ఓవెన్ ఆఫ్‌లో ఉన్నా ట్రిప్ కావచ్చు. ఇది చాలామందిని తికమక పెడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఎలక్ట్రీషియన్ మెగ్గర్‌తో చూశారు. పై ఎలిమెంట్ 200 మెగా ఓములకు పైన ఉంది, కిందిది 20 కిలో ఓములే. అయితే 230 వోల్టులకు ఆ లెక్కన 11.5 మిల్లీఆంపియర్లే కదా, 30 దాటకుండా ఎందుకు ట్రిప్ అవుతోంది?

మూడో సభ్యుడు:
30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ 15 దాటాక ఎప్పుడైనా పడిపోవచ్చు, ప్రమాణాలు అందుకు ఒప్పుకుంటాయి. కంప్యూటర్ల వంటి వాటి ఫిల్టర్ల నుంచి ఎర్త్‌కు వెళ్లే చిన్న లీకేజీలు కూడా ఆ లెక్కలోనే కలుస్తాయి. చల్లగా ఉన్నప్పటి 20 కిలో ఓములు వేడెక్కేటప్పుడు ఇంకా తగ్గవచ్చు కూడా.

మొదటి సభ్యుడు:
అయితే కింది ఎలిమెంట్ వైర్లు రెండూ విప్పి, వాటి కొసలను వేడికి తట్టుకునే ఇన్సులేషన్‌తో మూసి, పై ఎలిమెంట్‌తోనే ఓవెన్‌ను బాగా వేడి చేయండి. చల్లారాక మళ్లీ కొలిపించండి.

రెండో సభ్యుడు:
చేయండి, కానీ ఆ రోజు రీడింగ్ చూసి సంబరపడవద్దు. కొన్ని వారాలు వాడకుండా ఉంచి మళ్లీ కొలిపించండి. అప్పుడు కూడా మెగా ఓములలోనే ఉంటే నా వాదన వదులుకుంటాను. పడిపోతే మాత్రం అదే వాటేజీ, అదే వోల్టేజీ ఉన్న కొత్త ఎలిమెంట్ వేయించండి.