50 వేలల్ల పాటల రికార్డింగ్‌కి ఏమేం కొనాలె? పైసలన్నీ మైక్ మీదనే పెట్టాల్నా?

పల్లెపాట:
అన్నలూ నమస్తే, మాది హన్మకొండ, నేను మా బావ జానపదాలు పాడి యూట్యూబ్‌ల పెడ్తం. మొన్న హైదరాబాద్‌ల ఒక స్టూడియోల ఒక పాట చేయిస్తే గొంతు అద్దం లెక్క వచ్చింది, ఇంట్ల మా మైక్‌తోని పాడితే బావిలకెల్లి పాడినట్టుంది. అక్కడ న్యూమన్ యూ87 అనే మైక్ పెట్టిన్రు, రేటు చూస్తే లక్షలల్ల ఉంది, కళ్లు తిరిగినయ్. మైక్, ఇంటర్‌ఫేస్ (మైక్‌ను కంప్యూటర్‌కు కలిపే డబ్బా), స్పీకర్లు అన్నీ కలిపి 50 వేలల్ల అయితదా? రూమ్ 10 బై 12, కింద బండలు, కిటికీ అవతల రోడ్డు. డప్పు కూడా రికార్డ్ చేయాలె.

వైర్లబాబు:
బావిలోంచి అన్నావు చూడు, అది మైక్ తప్పు కాదు బ్రో, రూమ్‌ది. యూ87 1967 నుంచి ఉంది, గొప్ప మైకే, కానీ దాన్ని మీ రూమ్‌లో పెడితే ఆ బావినే ఇంకా క్లియర్‌గా పట్టుకుంటుంది. రూమ్ మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట్టు కొట్టు, టంగుమని మోగిందంటే ముందు రాక్‌వుల్ (రాతి పీచు దిండ్లు) తెచ్చి 4 అంగుళాల మందం ప్యానెల్స్ చేసి గుడ్డ చుట్టి పెట్టుకో. గుడ్ల అట్టలు మాత్రం వద్దు, నేను ఒక గోడంతా అతికించా, బొద్దింకలు చేరాయి గానీ మోత అలాగే ఉంది 😅

రాత్రిమిక్స్:
ప్యానెల్స్ పెడితే లోపల మోత తగ్గుద్ది, రోడ్డు మీద ఆటో హారన్ ఆగదు, అది వేరే కథ. అందుకే కండెన్సర్ (చిన్న చప్పుడు కూడా పట్టే మైక్ రకం) వద్దంటా. షూర్ ఎస్ఎం57 లాంటి డైనమిక్ మైక్, అంటే దగ్గరి చప్పుడునే ఎక్కువగా పట్టేది, తీసుకుంటే డప్పుకీ అదే, పాప్ ఫిల్టర్ (నోటి గాలిని ఆపే జాలీ) పెట్టి నోటికి దగ్గరగా పాడితే గొంతుకీ అదే. షూర్‌దే ఇంకో డైనమిక్ మైక్ ఎస్ఎం7బీ జోలికి వెళ్లకు, దానికి దాదాపు 60 డీబీ గెయిన్ (సిగ్నల్ పెంచడం) కావాలి, చిన్న ఇంటర్‌ఫేస్‌లో నాబ్ చివరిదాకా తిప్పితే సుయ్‌మని వస్తుంది. ఇంటర్‌ఫేస్ రెండు ఇన్‌పుట్లది తీసుకో, 48 వోల్టుల ఫాంటమ్ (కండెన్సర్ మైక్‌కి కేబుల్‌లోంచే వెళ్లే కరెంటు) ఉండాలి, రేపు కండెన్సర్ కొన్నా పనికొస్తుంది. డప్పు ఎంత గట్టిగా కొట్టినా మీటర్ మైనస్ 10 డీబీ దాటనివ్వకు, ఎర్ర లైట్ వెలిగిందంటే ఆ టేక్ పోయినట్టే. స్పీకర్లు ఇప్పుడే ఎందుకు, క్లోజ్డ్ బ్యాక్ (వెనక మూసి ఉండే) హెడ్‌ఫోన్స్ చాలు, ఓపెన్ బ్యాక్ అయితే ట్రాక్ అంతా మైక్‌లోకి కారుతుంది. పెద్ద స్టూడియోల్లో తెల్ల కోన్ యమహా ఎన్ఎస్10 స్పీకర్లు చూసుంటావు, వాటి తయారీ 2001లోనే ఆగిపోయింది, వినడానికి ఏమంత బాగోవు కూడా, వాటి మీద బాగుంటే ఎక్కడైనా బాగుంటుందని ఇంకా ఉంచుకుంటారు.

పల్లెపాట:
రాత్రి తాడు కట్టి మూడు బొంతలు ఏలాడదీసి ఆ మూలకు నిలబడి పాడినం, పాత మైక్‌తోనే, బావి సగం పోయిందన్నా!! ఫ్యాన్ బంద్ చేస్తే మా బావ రెండు చరణాలకే తడిసి ముద్దయిండు. ఇంకోటి, హెడ్‌ఫోన్స్‌ల నా గొంతు నాకే లేటుగా వినిపిస్తుంది, తాళం తప్పుతున్నం.

వైర్లబాబు:
అది లేటెన్సీ. సాఫ్ట్‌వేర్‌లో బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి పోగుచేసుకునే శబ్దం ముక్క సైజు) 128 శాంపిల్స్‌కి దించు. కొత్త ఇంటర్‌ఫేస్ కొనేటప్పుడు డైరెక్ట్ మానిటర్ బటన్ ఉందో లేదో చూసుకో, అది నొక్కి సాఫ్ట్‌వేర్‌లో మానిటరింగ్ ఆపేస్తే నీ గొంతు కంప్యూటర్ దాకా వెళ్లకుండానే చెవికి వస్తుంది. ఫ్యాన్‌కి మాత్రం మందు లేదు, టేక్‌కీ టేక్‌కీ మధ్య వేసుకోండి.