ఆయన చదివేవారు, ఆవిడ వినేది: అన్యోన్యమా, అదుపా?

మాంబళం తాత: 1950లలో మా నాన్న పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో గుమాస్తా. రాత్రి భోజనాలయ్యాక ఆంధ్రపత్రిక వీక్లీ సీరియల్ పైకి చదివేవారు. అమ్మ తమలపాకుల ఈనెలు తీస్తూ వినేది. ఇప్పుడు ఒకే మంచం, రెండు ఫోన్లు. ఆ అన్యోన్యం మళ్లీ రాదు.

మైలాపూరు టీచర్: అమ్మగారికి చదువొచ్చాండీ?

మాంబళం తాత: రాదు. అందుకేగా చదివి వినిపించింది!

మైలాపూరు టీచర్: అక్కడే నా బాధ. 1951 జనాభా లెక్కల్లో దేశం మొత్తమ్మీద చదవనూ రాయనూ వచ్చిన ఆడవాళ్లు నూటికి తొమ్మిదిమంది కూడా లేరు. రోజూ అరగంట చదివిన మనిషి ఆ అరగంటలో అక్షరాలు ఎందుకు దిద్దించలేదు? డాక్టర్ కేసరి గారు 1928లోనే మన మద్రాసు నుంచి ఆడవాళ్ల కోసం గృహలక్ష్మి పత్రిక తెచ్చారు. మా తాతయ్య అమ్మమ్మకి భారతమంతా వినిపించారు. ఆయన పోయాక మామయ్య ఉత్తరం కొంగున కట్టుకుని, పక్కింటి పిల్లాడు బడి నుంచి వచ్చేదాకా అరుగు మీద కూర్చునేది.

పాతపత్రికలు: చిన్న వివరం. ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టింది, 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. తాతగారూ, ఆ సీరియల్ పేరేమిటి?

రాయపురం: మా ఇంట్లో అమ్మే చదివేది. నాన్న తమిళ బడిలో చదివారు, తెలుగు అక్షరాలు రావు.

మాంబళం తాత: పేరు గుర్తులేదు బాబూ, గొంతు గుర్తుంది. టీచరమ్మా, పగలంతా పద్దులు రాసి అలిసిపోయిన మనిషిని దోషిని చేస్తున్నారు.

మైలాపూరు టీచర్: కొన్నిచోట్ల దాటేసి చదివేవారా, లేదా? నిజం చెప్పండి.

మాంబళం తాత: దాటేసేవారు. అమ్మ పట్టేసేది, "ఏదో మింగేశారు" అని. అడిగినా చదివేవారు కాదు.

మైలాపూరు టీచర్: ఏది వినాలో కూడా ఆయనే తేల్చారన్నమాట.

మాంబళం తాత: ఇక చాలమ్మా! కంటి ఆపరేషనై నెలయింది. మా ఆవిడ ఎమ్మే. కాస్త చదివిపెట్టమంటే ఫోన్లో చదివే యాప్ పెట్టి చేతికిచ్చింది. నాకు కావలసింది పక్కన కూర్చునే మనిషి.

రాయపురం: మీరెప్పుడైనా ఆవిడకి చదివారా తాతగారూ?

మాంబళం తాత: లేదు. తనకి చదువొచ్చు కదా అనుకున్నాను.

మైలాపూరు టీచర్: మా అమ్మమ్మ అరుగు సంగతి మీరింకా మాట్లాడలేదు.