మొక్కల పెప్టైడ్లు ముడతలు తగ్గిస్తాయా, జేబు ఖాళీ చేస్తాయా?

చర్మచింతన: బియ్యం పెప్టైడ్ల (అంటే ప్రొటీను చిన్న ముక్కల) సీరం ఒకటి చూశాను, ధర పద్దెనిమిది వందలు. మొక్కల నుంచి తీసినది, ముడతలు తగ్గిస్తుంది, సున్నిత చర్మానికి హాయి అని డబ్బా మీద రాశారు. మా అమ్మకు కొనవచ్చా?

మందులషాపు: ముందు డబ్బా వెనక చదవండి. పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాస్తారు. పాడవకుండా కలిపే ఫినాక్సీఇథనాల్‌కు పరిమితి 1 శాతం. 'హైడ్రోలైజ్డ్ రైస్ ప్రొటీన్', అంటే ముక్కలు చేసిన బియ్యం ప్రొటీను, దాని తర్వాత ఉంటే, ఒక శాతం కూడా లేదన్నమాట. పైగా 500 డాల్టన్లకు (అణుభారం కొలత) మించిన అణువులు చర్మం పైపొర దాటడం కష్టం. ఈ ప్రొటీను ముక్కలు చాలావరకు అంతకంటే పెద్దవే. పైన ఉండి తేమను పట్టి ఉంచుతాయి, అంతే. ఆ పని గ్లిసరిన్ చౌకగా చేస్తుంది.

పచ్చనాకు: శాతం చూసి తీసిపారేస్తే ఎలాగండీ? 2005లో వెలువడిన పరిశోధనలో 93 మంది మహిళలు పాల్మిటాయిల్ పెంటాపెప్టైడ్ క్రీమును 12 వారాలు వాడారు. అందులో ఉన్నది పది లక్షల భాగాలకు 3 భాగాలే. అయినా సన్నని గీతలు తగ్గాయి.

మందులషాపు: కొద్దిగానే తగ్గాయి. ఆ పెప్టైడ్ మొక్కలదీ కాదు. మన చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్‌కు ముందు రూపమైన ప్రొకొలాజెన్‌లోని ఐదు అమైనో ఆమ్లాల ముక్కకు నకలు తీసి, లోపలికి దిగేందుకు కొవ్వు ఆమ్లం తగిలించారు. పేరున్న రాగి పెప్టైడ్‌లోని పెప్టైడ్ కూడా 1973లో మనిషి ప్లాస్మాలో దొరికినదే. ఆ ఫలితాలను ఎంజైములతో కోసిన బియ్యం ప్రొటీను ముక్కలకు అంటగట్టడం, పక్కింటి పిల్లాడి మార్కులు చూపించి మనవాడికి సీటు అడగడమే.

పచ్చనాకు: సరే, ముడతల మాట అటుంచండి. మొక్కలదైతే కనీసం హాని ఉండదు కదా!

గోదారిగట్టు: జపాన్‌లో 'చా నో షిజుకు' అనే ముఖం సబ్బు గురించి వినలేదా? అందులో గోధుమ ప్రొటీను ముక్కలు కలిపారు. దాంతో రోజూ ముఖం కడుక్కున్న వారిలో 2,000 మందికి పైగా గోధుమ అలెర్జీ పట్టుకుంది. అంతకు ముందు వీళ్ళలో చాలామంది నిశ్చింతగా రొట్టె తిన్నవాళ్ళే. ఆ తర్వాత తింటే కనురెప్పలు ఉబ్బేవి, కొందరికి ప్రాణం మీదికే వచ్చింది. 2011లో సబ్బును వెనక్కి తీసుకున్నారు. ఆ ముక్కలు మరీ పెద్దవిగా ఉండటం ఒక కారణం. తర్వాత యూరప్‌లో, సౌందర్య సాధనాల్లో వాడే గోధుమ పెప్టైడ్ల సగటు అణుభారం 3,500 డాల్టన్లు మించకూడదని నియమం పెట్టారు. బియ్యానికీ ఇదే గతి అనడం లేదు. మొక్క అన్న మాట ఒక్కటే భరోసా కాదంటున్నాను.

చర్మచింతన: అమ్మకు ఎగ్జిమా కూడా ఉంది మరి.

మందులషాపు: అయితే పగిలిన చర్మానికి గోధుమ ప్రొటీన్ ఉన్నవేవీ వద్దండి. ముడతలకు ముందు సన్‌స్క్రీన్. విటమిన్ ఎ రకానికి చెందిన ట్రెటినాయిన్ అనే పూత మందుకు గట్టి ఆధారాలున్నాయి గానీ, ఎగ్జిమా ఉన్నవారు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు.

పచ్చనాకు: అదే నేనూ అంటున్నది! ట్రెటినాయిన్ మొదట్లో మంట పెడుతుంది, పొలుసులు లేపుతుంది. అది పడనివాళ్ళు పెప్టైడ్ల వైపు చూస్తే తప్పేముంది? ఏ పెప్టైడో పూర్తి పేరు రాసిన సీరం అయితే నేను కొంటాను. 'మొక్కల పెప్టైడ్లు' అని ఊరుకుంటే మాత్రం కొనను.