రాసేటప్పుడు ‘గోస్’, మాట్లాడేటప్పుడు ‘గో’: నాలుగో తరగతి పాపకు సెలవుల్లో ఏం సాధన చేయించాలి?

ప్రశ్న (పరకాల దగ్గరి నుండి ఒక తండ్రి):

మా అమ్మాయి మా ఊరి ప్రభుత్వ పాఠశాలలో నాలుగో తరగతి చదువుతోంది. నౌన్ అంటే ఏమిటి, వెర్బ్ అంటే ఏమిటి అని అడిగితే నిర్వచనాలు తడుముకోకుండా అప్పజెబుతుంది. ఖాళీలు పూరించమంటే ‘షీ గోస్’, ‘హీ ఈట్స్’ అని సరిగ్గానే రాస్తుంది. కానీ అమ్మ రోజూ ఏమేం చేస్తుందో ఇంగ్లిష్‌లో చెప్పమంటే మాత్రం ‘మై మదర్ గో టు ఫీల్డ్, హీ పిక్ కాటన్’ అంటుంది. నేను పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివినవాణ్ణి. నియమాలు కొంతవరకు తెలుసు గాని ధారాళంగా మాట్లాడలేను. దసరా సెలవులు వస్తున్నాయి. ఒక గ్రామర్ వర్క్‌బుక్ కొని రోజూ కొన్ని పేజీలు చేయించడం మంచిదా, లేక మాలాంటివాళ్లు ఇంట్లో చేయించగలిగిన సాధన ఇంకేదైనా ఉందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం (హనుమకొండ, ఇంగ్లిష్ ఉపాధ్యాయురాలు):

మీ పాపకు నియమం తెలుసు. రాసేటప్పుడు ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది గనుక అది గుర్తుకు వస్తుంది. మాట్లాడేటప్పుడు ఆ వ్యవధి దొరకదు గనుక నోటికి అలవాటైన రూపమే బయటికి వస్తుంది. ఇంకా కొన్ని వందల ఖాళీలు నింపిస్తే ఖాళీలు నింపడంలో ఆరితేరుతుందే తప్ప మాటతీరు మారదు. అందువల్ల వర్క్‌బుక్ ఇప్పుడే కొనకండి.

‘షీ’, ‘హీ’లతో క్రియ చివర చేరే ఈ ‘ఎస్’ విషయంలో ఇంగ్లిష్ మాతృభాషగా గల పిల్లలకు కూడా ఆలస్యం తప్పదు. రోజర్ బ్రౌన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ముగ్గురు చిన్నపిల్లల మాటలను చాలాకాలం గమనించి, 14 వ్యాకరణ రూపాలు వారికి ఏ వరుసలో పట్టుబడ్డాయో 1973లో ప్రచురించారు. ఆ వరుసలో ‘గోయింగ్’లోని ‘ఇంగ్’ మొదటిది, ‘క్యాట్స్’లోని బహువచనపు ‘ఎస్’ నాలుగోది, ‘ఈట్స్’లోని ‘ఎస్’ పదోది. చెవికి రెండూ ఒకటే. అయితే ‘క్యాట్స్’లోని ‘ఎస్’ తీసేస్తే ఎన్ని పిల్లులో తెలియకుండా పోతుంది. ‘షీ ఈట్స్’లోని ‘ఎస్’ తీసేసినా తినేది ఎవరో ‘షీ’ వల్ల తెలుస్తూనే ఉంటుంది. అర్థానికి అవసరం లేని ధ్వనిని పిల్లల చెవి సులువుగా వదిలేస్తుంది.

అందుకే ముందు చెవికి వినిపించే క్రియలతో మొదలుపెట్టండి. ‘వాషెస్’, ‘వాచెస్’, ‘టీచెస్’, ‘క్లోజెస్’ వంటి వాటిలో మాట సాగి ఇంకొక ధ్వని చేరినట్టు స్పష్టంగా తెలుస్తుంది. ‘పిక్స్’ చివర రెండు హల్లులు కలిసి వస్తాయి. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి గనుక పిల్లల నాలుక అక్కడ తడబడుతుంది. పాప ‘పిక్సు’ అన్నా ప్రస్తుతానికి పోనివ్వండి, ‘ఎస్’ పలికింది గదా.

పద్ధతి ఇదీ: పాప తన సంగతి ఒక వాక్యం చెప్పాలి, వెంటనే అదే క్రియతో ఇంట్లో మరొకరి సంగతి చెప్పాలి. ‘ఐ వాష్ మై ప్లేట్, మై మదర్ వాషెస్ ద క్లోత్స్.’ ‘ఐ వాచ్ కార్టూన్స్, మై గ్రాండ్‌ఫాదర్ వాచెస్ ద న్యూస్.’ నాలుగైదు క్రియలు నోటికి పట్టాక ‘గో’, ‘కమ్’, ‘పిక్’, ‘సెల్’ చేర్చండి. మిరపకాయలు అమ్మడానికి నాన్న ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లడం, బాబాయి కాజీపేటలో రైలెక్కడం వంటి నిజమైన విషయాలే చెప్పించండి. రోజుకు పావుగంట మించితే పిల్లలకు విసుగు పుడుతుంది.

సమాధానం (నర్సంపేట, ట్యూషన్ చెబుతాను):

మేడమ్ గారు చెప్పిన సాధనతో ఏకీభవిస్తున్నాను, కానీ తొమ్మిది, పదేళ్ల పిల్లలకు నియమం చెప్పకుండా కేవలం అలవాటు మీద వదిలేయడం నాకు సమ్మతం కాదు. మన ప్రాంతపు పిల్లలకు ఈ నియమం చెప్పడానికి పుస్తకంలో లేని ఒక సౌకర్యం మన మాటలోనే ఉంది. ‘అమ్మ రోజూ చేనుకు పోతది’ అంటాం, ‘అమ్మ ఇప్పుడు చేనుకు పోతాంది’ అంటాం. ఈ రెంటికీ తేడా మా దగ్గరికి వచ్చే చిన్నపిల్లలకు కూడా ఎవరూ నేర్పకుండానే తెలుసు. మొదటిది ‘గోస్’, రెండోది ‘ఈజ్ గోయింగ్’ అని ఒక్కసారి జతపరిచి చూపిస్తే, ‘డైలీ షీ ఈజ్ గోయింగ్’ అనే తప్పు చాలావరకు తగ్గుతుంది. ‘రేపు పోతది’ అని కూడా అంటాం గనుక మొదట్లో ప్రతి వాక్యంలో ‘ఎవ్రీ డే’ గాని ‘నౌ’ గాని తప్పకుండా పెట్టించండి. తరగతిలో పిల్లల యాసను సరిదిద్దడానికి పెట్టే శ్రద్ధలో కొంత దాన్ని వాడుకోవడానికి పెడితే బాగుండునని నాకు చాలాసార్లు అనిపిస్తుంది.

‘ఎస్’ కుదిరాక అసలు చిక్కు ప్రశ్నల దగ్గర వస్తుంది. తెలుగులో ‘పోతది’ని ‘పోతదా’ అంటే ప్రశ్న అయిపోతుంది. ఇంగ్లిష్‌లో ‘డజ్’ అనే కొత్త మాట ముందుకు రావాలి. అప్పుడు పిల్లలు ‘డజ్ షీ గోస్’ అంటారు. ఇంటికి ఒక్కటే తాళంచెవి ఉన్నట్టు వాక్యానికి ఈ ‘ఎస్’ ఒక్కటే, అది ‘డజ్’ చేతికి వెళ్తే ‘గో’ దగ్గర ఉండదు అని చెబితే వారికి వెంటనే అందుతుంది. ‘షీ డజ్ నాట్ గో’కు కూడా ఇదే వర్తిస్తుంది. అయితే ‘ఎస్’ కుదరకముందే దీన్ని మొదలుపెట్టకండి.

సమాధానం (కాజీపేట, ఇద్దరు పిల్లల తల్లి):

అమ్మను ‘హీ’ అనడం గురించి ఎవరూ ప్రస్తావించలేదు. తెలుగులో ‘అమ్మ వచ్చింది’, ‘బర్రె వచ్చింది’ అని స్త్రీకీ జంతువుకూ క్రియ ఒకటే రూపం. ‘నాన్న వచ్చిండు’ మాత్రం వేరు. పైగా ఎవరి గురించైనా చెప్పేటప్పుడు ‘ఆమె’, ‘అతడు’ అనే మాటలను చాలాసార్లు వదిలేసి క్రియ మాత్రమే వాడతాం. అందువల్ల ‘హీ’నా ‘షీ’నా అని ప్రతిసారీ ఎంచుకోవడం పిల్లలకు కొత్త పని. మా ఇంట్లో కుటుంబ ఫోటోలు ముందు పెట్టుకుని ఒక్కొక్కరి గురించి రెండేసి వాక్యాలు చెప్పించాను. ఆ తడబాటు చాలా తగ్గింది.

ఇంకొక సంగతి. ‘మా సారు లెక్కలు చెప్తరు’ అని మనం గౌరవంతో బహువచనం వాడతాం. మా అబ్బాయి ‘మై సర్ టీచ్ మ్యాథ్స్’ అనడానికి అది కూడా కారణమేనని నా అనుమానం. ఇంగ్లిష్‌లో గౌరవం ఎంత ఉన్నా ఒక్కరైతే ‘ఎస్’ ఉండాల్సిందేనని విడిగా చెప్పవలసి వచ్చింది.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. ‘పోతది’, ‘పోతాంది’ తేడా అడిగితే పాప నవ్వుతూ వెంటనే చెప్పేసింది. రెండు సందేహాలు మిగిలాయి. పాప తప్పు పలికిన ప్రతిసారీ ఆపి సరిదిద్దాలా? వర్క్‌బుక్ లేకుంటే కొత్త వాక్యాలు ఎక్కడి నుండి తేవాలి? నాకు వచ్చిన ఇంగ్లిష్ కొద్దిసేపటికే అయిపోతుంది.

సమాధానం (హనుమకొండ ఉపాధ్యాయురాలు):

నర్సంపేట సార్ చెప్పిన జత నేను కూడా తరగతిలో ప్రయత్నిస్తాను.

వాక్యం మధ్యలో ఆపకండి. పాప ‘మై మదర్ గో టు ఫీల్డ్’ అంటే, మీరు మాటల్లో భాగంగానే ‘ఓహో, షీ గోస్ టు ద ఫీల్డ్, వెన్?’ అని అడగండి. సరైన రూపం ఆమెకు వినిపిస్తుంది, చెప్పదలచుకున్నదీ ఆగదు. ఆ రోజు ‘ఎస్’ మీద సాధన చేస్తుంటే ‘ఎస్’ను మాత్రమే పట్టించుకోండి, ‘ఏ’, ‘ద’ ఎక్కడ రావాలన్నది మన భాషలో లేని వ్యవహారం, దానికి ఇంకా చాలా సమయం పడుతుంది.

వాక్యాలకు మీ ఇంట్లో ఉన్న పుస్తకమే సరిపోతుంది. 2022–23లో తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం ప్రవేశపెట్టినప్పటి నుండి పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌గా వస్తున్నాయి గదా. పరిసరాల విజ్ఞానం తీయండి. మొక్కలు, జంతువులు, నీరు గురించిన పాఠాల్లో ఎప్పుడూ జరిగే విషయాలే ఉంటాయి గనుక ‘ఎ ప్లాంట్ నీడ్స్ వాటర్’ వంటి వాక్యాలు కావలసినన్ని దొరుకుతాయి. తెలుగు పేజీలో మీరు ఒక వాక్యం చదవండి, ఎదురు పేజీలో దాని జతను పాప వెతికి పైకి చదవాలి. ఆ తర్వాత పుస్తకం మూసి, ‘ప్లాంట్’ స్థానంలో ‘ప్లాంట్స్’ పెట్టి చెప్పమనండి. అక్కడ ‘నీడ్స్’లోని ‘ఎస్’ను వదిలేసి ‘ప్లాంట్స్ నీడ్ వాటర్’ అనగలిగిందంటే, నర్సంపేట సార్ చెప్పిన ‘డజ్’ ప్రశ్నలను మొదలుపెట్టవచ్చు.