ఆఫీసు కాల్స్‌ను మొబైల్‌కు మళ్ళిస్తే కస్టమర్లకు నా వాయిస్‌మెయిల్ వినిపిస్తోంది

ప్రశ్న:

మాది నలుగురు పనిచేసే చిన్న కార్యాలయం. ఫోన్లు హోస్టెడ్ పీబీఎక్స్ (ఇంటర్నెట్ ద్వారా నడిచే ఆఫీసు ఎక్స్ఛేంజి) మీద నడుస్తాయి. ఎక్స్ఛేంజి పెట్టె మా దగ్గర లేదు, అంతా ప్రొవైడర్ సర్వర్‌లోనే. బల్లల మీద ఐపీ ఫోన్లు మాత్రం ఉన్నాయి. నేను ఎక్కువగా బయట తిరుగుతాను కాబట్టి నా ఎక్స్‌టెన్షన్‌కు (ఆఫీసులో నా ఫోన్‌కు ఇచ్చిన లోపలి నంబరుకు) వచ్చే కాల్స్ మొబైల్‌కు వెళ్ళేలా డెస్క్ ఫోన్ మెనూలో ఫార్వర్డ్ పెట్టాను. ఆఫీసులో కరెంటు పోతే కాల్స్ మొబైల్‌కు రావడం లేదు. ఎవరు చేసినా మొబైల్‌లో మా ఆఫీసు నంబరే కనిపిస్తోంది. అన్నింటికన్నా ఇబ్బంది, నేను సిగ్నల్ లేని చోట ఉంటే కస్టమర్‌కు నా మొబైల్ సొంత వాయిస్‌మెయిల్, అంటే సందేశం వదలమనే రికార్డు, వినిపిస్తోంది. ప్రొవైడర్ సహాయ కేంద్రం మాత్రం సెట్టింగులన్నీ సరిగ్గానే ఉన్నాయని చెప్పి ఫిర్యాదు మూసేసింది. ఏమి చేయాలి?

మొదటి జవాబు:

వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు, కానీ మీకు దానివల్ల ఉపయోగమూ లేదు. ఫార్వర్డ్ పెట్టినప్పుడు వచ్చిన కాలే మొబైల్‌కు వెళ్తుందని అనుకుంటాం. నిజానికి సర్వర్ మీ మొబైల్‌కు కొత్తగా ఒక అవుట్‌గోయింగ్ కాల్ చేసి, ఆ రెండు కాల్స్‌ను కలుపుతుంది. మీ చిక్కుల్లో చాలావరకు ఇక్కడినుంచే పుట్టాయి.

కరెంటు సంగతి వేరు. మెనూలో పెట్టిన ఫార్వర్డ్ చాలా మోడళ్ళలో ఆ ఫోన్‌లోనే దాగి ఉంటుంది. కాల్ వచ్చినప్పుడు సర్వర్ ఫోన్‌ను పలకరిస్తే, అది 302 అనే సిప్ (ఇంటర్నెట్ ఫోన్లు మాట్లాడుకునే పద్ధతి) సంకేతంతో ఫలానా నంబరుకు పంపమని జవాబిస్తుంది. ఫోన్ ఆరిపోతే ఆ జవాబు చెప్పేదెవరు? కాబట్టి అక్కడ తీసేసి, ప్రొవైడర్ వెబ్ పోర్టల్‌లో మీ ఎక్స్‌టెన్షన్ పేజీలో పెట్టండి. ఎల్లప్పుడూ, బిజీగా ఉంటే, ఎత్తకపోతే, ఫోన్ రిజిస్టర్ కాకపోతే (సర్వర్‌తో సంబంధం తెగితే) అని సాధారణంగా నాలుగు సందర్భాలు అడుగుతుంది. చివరిదాన్ని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. కరెంటో ఇంటర్నెట్టో పోయిన రోజు ఆదుకునేది అదే.

ఇక వాయిస్‌మెయిల్. మొబైల్‌లో మీరు ఎత్తినా, మొబైల్ ఆపరేటర్ వాయిస్‌మెయిల్ యంత్రం ఎత్తినా సర్వర్‌కు తేడా తెలియదు, కాల్ ఎవరో ఎత్తారనే అనుకుంటుంది. మోగే సమయాన్ని తగ్గించమని కొందరు సలహా ఇస్తారు. మీరు ఎత్తలేకపోయిన సందర్భానికి అది పనిచేస్తుంది. కానీ ఫోన్ ఆపేసి ఉన్నా, సిగ్నల్ లేకపోయినా వాయిస్‌మెయిల్ దాదాపు వెంటనే ఎత్తేస్తుంది, మీరు ఎన్ని సెకన్లు పెట్టినా లాభం లేదు. పోర్టల్‌లో కాల్ కన్ఫర్మ్ లాంటి పేరుతో ఒక ఎంపిక ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. మొబైల్ ఎత్తగానే "ఆఫీసు కాల్, అందుకోవడానికి 1 నొక్కండి" అనే తరహా సందేశం వస్తుంది. యంత్రం 1 నొక్కలేదు కాబట్టి కాల్ దానికి దక్కదు. కస్టమర్‌కు రింగే వినిపిస్తూ ఉంటుంది, తర్వాత ఎవరికి మోగాలో వాళ్ళకు వెళ్తుంది.

నంబరు విషయానికి వస్తే, అవుట్‌గోయింగ్ కాల్‌లో మీది కాని నంబరు చూపడాన్ని చాలామంది ప్రొవైడర్లు మోసాల భయంతో ఆపేస్తారు. మళ్ళించిన కాల్స్‌కు మాత్రం అసలు నంబరు పంపడానికి అనుమతిస్తారా అని అడగండి. డైవర్షన్ హెడర్, అంటే ఈ కాల్ ఏ నంబరు నుంచి మళ్ళిందో చెప్పే చీటీ లాంటిది, పంపితే సరిపోతుందనే ప్రొవైడర్లూ ఉన్నారు.

మరో సభ్యుడు:

ఇంత తతంగం ఎందుకండీ? ప్రొవైడర్ యాప్‌ను మొబైల్‌లో వేసుకుంటే అదే ఎక్స్‌టెన్షన్ అయిపోతుంది. రెండో కాల్ ఖర్చు ఉండదు, అసలు నంబరు కనిపిస్తుంది, మీరు తిరిగి చేసినా ఆఫీసు నంబరే వెళ్తుంది.

మొదటి జవాబు ఇచ్చినవారు:

డేటా బాగున్న చోట యాప్ మంచిదే, కాదనను. కానీ అడిగినవారు సిగ్నలే అందని చోట్ల తిరుగుతున్నారు. డేటా ఊగిసలాడితే మాట ముక్కలవుతుంది. పైగా బ్యాటరీ ఆదా సెట్టింగు యాప్‌ను నిద్రపుచ్చితే అసలు మోగదు. యాప్ వాడినా మామూలు కాల్‌కు ఫార్వర్డ్‌ను వెనక ఉంచుకోవాలని నా అభిప్రాయం.

అడిగినవారు:

పోర్టల్‌కు మార్చాను, 1 నొక్కే పద్ధతీ వచ్చింది, వాయిస్‌మెయిల్ బెడద పోయింది. కానీ నా ఎక్స్‌టెన్షన్‌కు నేరుగా చేస్తేనే మొబైల్ మోగుతోంది. ప్రధాన నంబరుకు చేస్తే డెస్క్ ఫోన్లన్నీ మోగుతాయి, మొబైల్ మోగదు.

మొదటి జవాబు ఇచ్చినవారు:

ప్రధాన నంబరు రింగ్ గ్రూప్‌కు (ఒకే కాల్‌కు కలిసి మోగే ఫోన్ల జట్టుకు) వెళ్తుంది కదా, చాలా సిస్టమ్‌లలో గ్రూప్ ఒక్కొక్కరి ఫార్వర్డ్‌ను కావాలనే పట్టించుకోదు. లేకపోతే ఒకరి వాయిస్‌మెయిల్ అందరి కాల్స్‌నూ మింగేస్తుంది. గ్రూప్ సభ్యుల జాబితాలో మీ మొబైల్‌ను బయటి నంబరుగా చేర్చి, అక్కడ కూడా కన్ఫర్మ్ ఆన్ చేయండి. ఇది మరిచిపోతే పాత బెడదే పెద్దదై తిరిగి వస్తుంది.

మీ ప్లాన్‌లో ఒకేసారి ఎన్ని కాల్స్ నడుస్తాయో కూడా చూసుకోండి. మళ్ళించిన ప్రతి కాల్ రెండు చానళ్ళు పట్టుకుంటుంది, వచ్చినది ఒకటి, వెళ్ళినది ఒకటి. నాలుగు చానళ్ళ ప్లాన్ అయితే మళ్ళించిన రెండు కాల్స్‌తోనే నిండిపోతుంది, మూడో కస్టమర్‌కు బిజీ టోన్. వెళ్ళిన కాల్ నిమిషాలు సాధారణంగా మీ బిల్లులోనే పడతాయి.

ఇంకో సభ్యుడు:

మొబైల్ నుంచి మళ్ళీ ఆఫీసుకు ఫార్వర్డ్ పెట్టి ఉంటే రెండూ ఒకదానికొకటి కాల్ విసురుకుంటూ చానళ్ళు తినేస్తాయి. చాలా జీఎస్ఎం నెట్‌వర్క్‌లలో *#21#, *#61#, *#62# డయల్ చేస్తే మొబైల్‌లో ఏ ఫార్వర్డ్‌లు ఉన్నాయో కనిపిస్తుంది. ##002# కొడితే అన్నీ పోతాయి, కానీ మొబైల్ వాయిస్‌మెయిల్ కూడా ఒక ఫార్వర్డే కాబట్టి అదీ పోతుంది. పరీక్షించేటప్పుడు మూడో ఫోన్ నుంచి చేయండి. అదే మొబైల్ నుంచి ఆఫీసుకు చేస్తే అది అప్పటికే బిజీగా ఉంటుంది, ఫలితం తప్పుదోవ పట్టిస్తుంది.

అడిగినవారు:

గ్రూప్‌లో చేర్చాక అన్నీ మోగుతున్నాయి. అప్పుడప్పుడు మాత్రం 1 నొక్కినా అందుకోవడం లేదు.

మొదటి జవాబు ఇచ్చినవారు:

సందేశం పూర్తయ్యాక నొక్కి చూడండి, కొన్ని సిస్టమ్‌లు మధ్యలో నొక్కినది తీసుకోవు. అప్పటికీ రాకపోతే కీ టోన్లు, అంటే డీటీఎంఎఫ్, మొబైల్ నెట్‌వర్క్ నుంచి సర్వర్‌కు సరిగ్గా చేరడం లేదు. అది మీ చేతిలో లేదు, ప్రొవైడర్ ట్రంక్‌లో (సర్వర్‌ను బయటి ఫోన్ నెట్‌వర్క్‌తో కలిపే లైన్‌లో) సరిచేయాలి. విఫలమైన ఒక కాల్ తేదీ, సమయం, రెండు నంబర్లు రాసి పంపండి. అవి లేకుండా పంపితే మళ్ళీ అన్నీ సరిగ్గానే ఉన్నాయని మూసేస్తారు.