ఈ వారం సమస్య: ఎద్దు పాలు పిండి యిచ్చె తాత

నిర్వాహకుడు: పొద్దున కాఫీ తాగుతుంటే తట్టిన పాదం. ఇదే నాలుగో పాదంగా, అర్థం కుదిరేలా పై మూడు పాదాలూ మీరు పూరించాలి, ఆటవెలదిలో. తాతల ఊళ్ళు, పశువుల కొట్టాలు ఎవరికెంత గుర్తున్నాయో చూద్దాం. గంగిరెద్దును మాత్రం తోలుకురాకండి. పోయిన సంక్రాంతికి ఒకాయన మూడో పాదాన్ని "గంగి" దగ్గర ఆపి, నా ఎద్దును "రెద్దు" చేసి పట్టుకుపోయారు.

కృష్ణాతీరం:
పల్లెకేగినంత పశువుల కొట్టమున
దూడ గెంతులాడ తుళ్ళి తుళ్ళి
గడ్డి నెమరువేయు గదలక యొకదిక్కు
ఎద్దు; పాలు పిండి యిచ్చె తాత

నల్లరేగడి: ఎద్దు నెమరు వేసింది, తాతగారు పాలు పిండారు, ఇంక సమస్య ఎక్కడుందండీ? సెమికోలన్ పెట్టి గోడ దూకేశారు. అది సరే, మొదటి పాదం చివర "కొట్టమున" ఏ గణం? లఘువొకటి కొట్టం బయటే నిలబడిపోయింది. "కొట్టాన" అంటే పోయేది. మొన్న కందం ఎత్తుగడలోనే, అక్కడ కూడని జగణం వేసిన చెయ్యి కదా, అలవాటు ఎక్కడికి పోతుంది.

కృష్ణాతీరం: ఆ జగణాన్ని ఇంకా ఎన్నాళ్ళు మోస్తారు స్వామీ? కొట్టాన అనే చదువుకోండి. ముందు మీ పూరణ బయటపెట్టండి.

నల్లరేగడి:
దుక్కి దున్నునేది? దూడ త్రాగునవేవి?
తిరుగలేమి రాల్చు దిరుగుచుండి?
పండుగొచ్చెనంచు పైసలెవ్వండిచ్చె?
ఎద్దు, పాలు, పిండి, యిచ్చె తాత

సీమచింత: బాబాయ్, మళ్ళీ క్రమాలంకారమేనా! ఏ సమస్య ఇచ్చినా నాలుగు ప్రశ్నలడిగి, జవాబులు వరసగా పేర్చి కూర్చుంటావు. "పండుగొచ్చె" గ్రామ్యం, "పండుగయ్యె" అంటే నీ సొమ్మేం పోయింది? మూడో పాదం మాత్రం నచ్చింది, మా తాత కూడా పంచె మడతలోంచి తీసి ఇచ్చేవాడు, ఆ నాణేనికి పొగాకు వాసన.

కృష్ణాతీరం: "దూడ త్రాగు" దగ్గర డ గురువైపోదా? అడిగేవాళ్ళు లేరనా?

నల్లరేగడి: రెండూ వేరువేరు తెలుగు మాటలు, సమాసం కాదు. గురువు కాదు. చిన్నయసూరిగారిని లేపమంటారా?

పెరటిజామ: మీ ఇద్దరి తగువు అయ్యేదాకా ఆగలేక పెడుతున్నాను.
గానుగాడినంత కారెను నూనియ
కడవ నింపె నవ్వ కన్నులలర
తిరిగి తిరిగి యలసె దీనికేమిటె యని
ఎద్దు పాలు పిండి యిచ్చె తాత

నిర్వాహకుడు: ఆహా! పాలంటే వాటా, పిండంటే గానుగలో నూనె దిగాక మిగిలే తెలగపిండి. ఒక్క అక్షరం విరవకుండా, కామా కూడా అక్కర్లేకుండా సమస్య విడిపోయింది. పాదం ఇచ్చినవాడిని నేను, నాకే తోచలేదు. అవ్వ చూపు కడవ మీద, తాత చూపు ఎద్దు మీద. ఆ "దీనికేమిటె" అన్న మాటలో ముసలాయన గొంతు వినబడుతోంది.

నల్లరేగడి: సెమికోలన్ లేకుండా కూడా పూరించవచ్చని కొందరికి ఇప్పుడైనా తెలిసి ఉంటుంది. బాగుందమ్మా.

సీమచింత: అక్కా, గానుగ దగ్గర కూర్చున్నట్టే ఉంది. ఎద్దు కళ్ళకు గంతలు, తిరిగే దూలం మీద బరువుకని మమ్మల్నే ఎక్కించేవాళ్ళు, ఒకటే కిర్రు కిర్రు. మా దిక్కు శెనక్కాయలే ఎక్కువ, ఆ చెక్క రాత్రి నానేసి కుడితిలో కలిపితే తెల్లారి బర్రె తొట్టి నాకేసేది. నువ్వులాడిన రోజు మాత్రం పిండి వేడి తగ్గకముందే బెల్లం ముక్క నంజుకుని మేమే సగం తినేసేవాళ్ళం, ఎద్దు పాలు ఏం మిగిలిందో దేవుడికెరుక.

పెరటిజామ: మా ఇంట్లో తెలగపిండి కూర కూడా వండేవాళ్ళు, మునగాకు, వెల్లుల్లి వేసి. పాలు పడతాయని బాలింతకు తప్పకుండా పెట్టేది మా అమ్మమ్మ.

సీమచింత: ఇంకేం, పిండి తింటే పాలు! దాన్ని పట్టుకుని ఇంకో పూరణ లాగొచ్చు కదా.

నిర్వాహకుడు: లాగండి, కాని వంటల వైపు పోకండి. ఊరగాయ సమస్య వంద వ్యాఖ్యలు దాటినా పూరణలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే వచ్చాయి.

కృష్ణాతీరం: అందులో ఒకాయన యతి తప్పి, అడిగితే ప్రాసయతి అని బుకాయించారు. పేరు చెప్పను, నల్లటి నేల. అన్నట్టు పెరటిజామగారూ, పద్యం బాగుంది కానీ "నూనియ" అని ఈ రోజుల్లో ఎవరంటారండీ?

నల్లరేగడి: కందంలో జగణంతో మొదలుపెట్టేవాళ్ళు అనరు.