సాంక్-మార్ కుట్ర ఎక్కడ బెడిసికొట్టింది?

ప్రశ్న: ఫ్రాన్స్ రాజు పదమూడో లూయీకి అంత ఇష్టుడైన సాంక్-మార్, ప్రధానమంత్రి రిషల్యూ మీద ఎందుకు తిరగబడ్డాడు? ఎలా దొరికాడు?

జవాబు 1: అతన్ని రాజు దగ్గరికి చేర్చిందే రిషల్యూ! 1639లో, ఇరవై ఏళ్లు కూడా నిండకుండానే రాజాశ్వశాలకు అధిపతయ్యాడు. కానీ మరీ గొంజాగా అనే రాకుమారిని పెళ్లాడాలంటే ఆ హోదా చాలదు. పైకి ఎక్కబోతే రిషల్యూ అడ్డం పడ్డాడు. పగ అక్కడే మొదలు.

జవాబు 2: పగ ఒక్కటే అయితే బతికేవాడేమో. కొంప ముంచింది స్పెయిన్ ఒప్పందం. 1635 నుంచి యుద్ధం చేస్తున్న శత్రువుతో! కుట్రలో ఉన్న ఫాంత్రాయ్ మాడ్రిడ్ వెళ్లి, 1642 మార్చి 13న రాజు తమ్ముడు గాస్తోన్ పేరిట స్పెయిన్ ప్రధానమంత్రి ఒలివారెస్‌తో కుదుర్చుకొచ్చాడు. 12,000 కాల్బలం, 5,000 గుర్రపుదళం ఇస్తామన్నారు. దాని నకలు రిషల్యూ చేతిలో పడింది. జూన్‌లో నార్బోన్‌లో సాంక్-మార్‌ను పట్టుకున్నారు. ఆపై గాస్తోన్ అంతా కక్కేశాడు.

జవాబు 3: సాంక్-మార్ స్నేహితుడు ద తూ సంగతి మరీ అన్యాయం. ఒప్పందం అతనికి నచ్చలేదు, కానీ తెలిసీ చెప్పలేదు. పదకొండో లూయీ నాటి శాసనం ప్రకారం అదీ రాజద్రోహమే. సెప్టెంబర్ 12న లియోన్‌లోని తెరో కూడలిలో ఇద్దరి తలలూ తెగ్గొట్టారు. గాస్తోన్ మాత్రం, ఎప్పటిలాగే, తప్పించుకున్నాడు.